నాయిసమ్మూ ఫుల్సమ్మూ

మైకన్న టీ గ్లాసుని బల్ల మీద టక్కున పెట్టాడు. సగం టీ ఒలికిపోయింది. మా బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పేది ఆయనే కాబట్టి, ఆయన అసలు పేరు మేం ఎప్పుడో మర్చిపోయాం. నేను కండక్టర్ని. నా పక్కన పెద్ద డ్రైవరు, ఎదురుగా టీకొట్టు అక్క. నేను చేసిన నేరమల్లా "ఏంటన్నా, ఇవాళ మొహం అలా ఉంది?" అని అడగడమే.

"మొహం సంగతి తర్వాత. ముందిది చెప్పు. ఇంగ్లీషు మాటలకి అర్థాలు పెట్టినవాడెవడు? వాడి అడ్రసు ఎవరి దగ్గరైనా ఉందా? ఒక్కసారి దొరకాలి నాకు. చొక్కా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి మైకులో అడుగుతాను. ఒరే, నాయిస్ అంటే మోత అని చిన్నప్పుడు బెత్తం పుచ్చుకుని మరీ నేర్పించారు గదరా. సమ్ అంటే కొంత అని నేర్పించారు గదరా. మరి రెండూ కలిపి నాయిసమ్ అంటే కొంత మోత కావాలా, కాదా? కంపు ఎలా అయిందిరా దుర్మార్గుడా? ఏం అక్కా, పంచదార డబ్బా మీద ఉప్పు అని రాస్తే నువ్వు ఊరుకుంటావా?"

"నా డబ్బాల మీద నేనేం రాయను. మూత తీస్తే తెలుస్తుంది" అంది టీకొట్టు అక్క, ఒలికిన టీ తుడుస్తూ.

"అదీ పద్ధతి! ఇంగ్లీషువాడికి ఆ బుద్ధి లేదు. అందుకే నేను వాణ్ని వాడి మాటతోనే కొట్టాను. నేను చేసింది పెద్ద పనేం కాదులే, గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదని మీకు తెలుసు. ఒక్క ఫోను చేశాను. అందులో ఒక్క మాట అన్నాను. అంతే."

పెద్ద డ్రైవరు నా వైపు చూసి కన్ను గీటాడు. బస్సు బయల్దేరడానికి ఇంకా టైముంది. సరేనని ఇద్దరం బెంచీ మీద సర్దుకున్నాం.

"మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు గదా, రాత్రి డ్యూటీ. ఊరంతా లేచే వేళకి ఆవిడ ఇంటికొచ్చి పడుకోవాలి. సరిగ్గా అప్పుడే మా గోడకి ఆనుకుని ఉన్న షెడ్డులో రాళ్లు కోసే మెషీను మొదలవుతుంది. ఇళ్లలో నేల మీద పరుస్తారే, ఆ బండలు. రంపం రాయి మీద పడిందంటే చూడు, పళ్ల చిగుళ్లు జివ్వుమంటాయి. అరల్లో గిన్నెలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మంచం తనంతట తనే గుమ్మం దాకా నడిచొస్తుంది."

"మంచమే?" అన్నాను.

"మొన్నొకసారి వీధిలోకి వచ్చేసింది, మా ఆవిడతో సహా. నేనే వెనక్కి తోలుకొచ్చాను. నువ్వు మధ్యలో అడ్డు తగలకు. సరే, ఆ షెడ్డువాడి దగ్గరికి మర్యాదగానే వెళ్లాను. బాబూ, నీ పని నువ్వు చేసుకో, మధ్యాహ్నం దాకా మాత్రం ఆపు, ఆవిడ కాస్త కన్ను మూస్తుంది అన్నాను. వాడేమన్నాడో తెలుసా? 'లోకంలో అందరూ రాత్రి పడుకుంటారు. మీ ఆవిడ పగలు పడుకుంటే తప్పు నాదా?' అన్నాడు. పళ్లు కుట్టుకుంటూ అన్నాడు! ఆవిడ రాత్రంతా మేలుకునేది ఎవరి కోసంరా? రేపు నీకు కాలు విరిగితే నీ పక్కన నిలబడేది ఎవరురా?"

ఆయన గొంతు పెరిగేసరికి పక్క బెంచీ మీద ప్రయాణికులు సంచులు దగ్గరికి లాక్కున్నారు.

"ఆవిడకి నిద్ర లేదయ్యా. పోయిన వారం సెలైను సీసా తగిలిస్తూ తగిలిస్తూ నిలబడే తూలిపోయింది. పేషెంటే లేచి ఆవిడని పట్టుకున్నాడట. పెద్ద నర్సమ్మ లోపలికి పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే డ్యూటీకి రానక్కర్లేదు, ఇది మనుషుల ప్రాణాలతో పని అని చెప్పేసింది. నర్సమ్మ అన్నదాంట్లో తప్పేముంది? తప్పంతా ఆ రంపానిది." ఈ ముక్క మాత్రం ఆయన మెల్లగా చెప్పాడు. మళ్లీ వెంటనే తొడ చరిచాడు. "ఇక ఊరుకుంటానా? ఫిర్యాదుల ఆఫీసుకి ఫోను కొట్టాను. ఒకమ్మాయి ఎత్తి, ఏం ఇబ్బందండీ అంది. తెలుగులోనే అడిగింది పాపం. మనం తెలుగులో చెబితే చూస్తాంలెండి అని పెట్టేస్తారు. అదే ఇంగ్లీషులో ఒక బరువైన మాట పడేశామనుకో, కుర్చీలోంచి లేస్తారు. 'మేడమ్, పక్కన వెరీ నాయిసమ్ షెడ్' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మెషీను ఆగిపోయింది" అన్నాను.

"ముక్కొచ్చింది."

"ఏమొచ్చింది?"

"ముక్కయ్యా, ముక్కు! మర్నాడు పొద్దున్నే మా వీధి మలుపులో జీపు ఆగింది. ముందు ముక్కు దిగింది, తర్వాత మనిషి దిగాడు. చేతిలో జేబురుమాలు. 'కంపు ఎక్కడండీ?' అన్నాడు."

పెద్ద డ్రైవరు టీ పొలమారి దగ్గాడు. "అంటే నువ్వు మోత అనబోయి కంపు అన్నావన్నమాట."

"అనబోయి ఏంటి? తెలిసే అన్నాను! నాకు తెలియదనుకున్నావా? చూడూ, ఇంగ్లీషులో 'అన్నాయ్' అని ఒక మాటుంది. విసిగించడం అని అర్థం. మనం పెద్దవాణ్ని పిలిచే అన్నాయ్ కాదు."

"మా అన్నయ్యకైతే రెండర్థాలూ సరిపోతాయి" అన్నాను.

"ఆ అన్నాయ్‌కి తల నరికేస్తే మిగిలిన మొండెం ఈ 'నాయ్'. దానికి తోక తగిలిస్తే నాయిసమ్. ప్రాణం విసిగేటంత కంపు అని. మోతతో దానికి ఏ తరంలోనూ చుట్టరికం లేదు. ఇంటి పేరు ఒకలా వినపడినంత మాత్రాన బంధువులైపోతారా? ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి ఎందుకన్నాను? ఆ ఆఫీసులో మోతలు చూసే గది ఒకటి, వాసనలు చూసే గది ఒకటి. మోతల గదివాళ్లు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటారు, ఏం చెప్పినా వినపడదు. వాసనల గదివాళ్లు చురుకు. అందుకని కావాలనే వాసన దారిలోంచి నడిపించాను కేసుని."

"రాయికి వాసనేంటన్నా?"

"అదే గదా కిటుకు! మొదటివాడు షెడ్డంతా తిరిగి రాళ్లన్నీ వాసన చూశాడు. ఏం లేదు. వాడికి అవమానం అనిపించింది. వెళ్లి పై అధికారిని తీసుకొచ్చాడు. ఈయన ముక్కు మామూలు ముక్కు కాదు. వీధి చివర నిలబడి, మూడో ఇంట్లో నిన్న పాలు విరిగాయి అని చెప్పేశాడు. నిజమే, విరిగాయి! ఆయనకీ రాయి వాసన అందలేదు. కుక్కల్ని తెచ్చారు. అవి రాయిని వాసన చూసి, ఇంత పనికిమాలిన పనికి మమ్మల్ని పిలుస్తారా అన్నట్టు మూతులు తిప్పుకుని కూర్చున్నాయి. ఆఫీసు పరువు పోయే సమస్య అయిపోయింది. ఇక విభాగం మొత్తం దిగింది. గుమాస్తాలు, టైపిస్టులు, రిటైరైపోయినవాళ్లు, వాళ్ల బావమరుదులు, ఎవడికి ముక్కుంటే వాడు. జలుబు చేసినవాళ్లకి సెలవు రద్దు. మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వరస కట్టి ఒక్కొక్కడూ ప్రతి బండ మీదా ముక్కు ఆనించి పీల్చడమే."

టీకొట్టు అక్క గరిటె చేత్తో పట్టుకునే నవ్వుతోంది. మైకన్న మాత్రం నవ్వలేదు. ఆయన కణతల మీద నరాలు లేచి కనిపిస్తున్నాయి.

"నవ్వకు అక్కా, అసలు విషయం ఇక్కడుంది. అంతమంది అన్ని రోజులు ముక్కులు రుద్దీ రుద్దీ ఆ బండలన్నీ నున్నగా అద్దాల్లా తేలిపోయాయి. అంచులు అరిగి చక్కగా కొలతకి వచ్చేశాయి. కోసే పనే లేదు, మెరుగుపెట్టే పనే లేదు. రంపానికి పనేముంది? ఆగిపోయింది. షెడ్డువాడు తలపట్టుకు కూర్చున్నాడు. ఒక్క మాట! ఒక్క మాటతో!"

"మరి ఆగిపోయింది గదా, ఇంకా ఈ చిందులెందుకు?" అన్నాడు పెద్ద డ్రైవరు.

"ఎందుకంటే రెండో మాట మిగిలింది గనక. దీని తమ్ముడు ఒకడున్నాడు, ఫుల్సమ్. వాడు వీడి కన్నా పచ్చి మోసగాడు. ఏం జరిగిందంటే, ఈ గోలంతా విని అందరికన్నా పెద్దాఫీసరు స్వయంగా మా వీధికి వచ్చాడు. మంచివాడు, ఆ మాట చెప్పుకోవాలి. మా ఇంట్లో గోడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాసన చూడలేదు, చెవి పెట్టి విన్నాడు..."

"రంపం ఆగిపోయిందన్నావు. ఏం విన్నాడు?" అన్నాడు పెద్ద డ్రైవరు.

"పాత మోత! గోడలో ఇంకిపోయిన మోత! నువ్వు ఊరికే పుల్లలు పెట్టకు. విన్నాడు, మొహం చిట్లించాడు. షెడ్డువాణ్ని పిలిచి, పగలు మెషీను పెట్టడానికి వీల్లేదు అని చెప్పబోతున్నాడు. నోటి దాకా వచ్చింది మాట. అలాంటి మనిషికి థాంక్స్ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే ఏం బాగుంటుంది? లేచి నిలబడి, బస్టాండులో వినిపించేంత గొంతుతో, 'సర్, మై ఫుల్సమ్ ప్రెయిజ్ టు యూ' అన్నాను. ఫుల్ అంటే నిండుగా అని మన ఆటోవాడికి కూడా తెలుసు."

"తాగినవాణ్ని కూడా ఫుల్ అనే అంటాం" అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి. ఈ ఫుల్సమ్ అనేవాడు ఒకప్పుడు బుద్ధిమంతుడే. నిండుగా, సమృద్ధిగా అనే అర్థం ఉండేది. పెద్దయ్యాక చెడిపోయాడు. వెగటు పుట్టేటంత అతి పొగడ్త, పైకి పూలదండ, లోపల వెటకారం, అలా తయారయ్యాడు. పోనీ పూర్తిగా చెడిపోయాడా అంటే అదీ లేదు. ఇప్పటికీ సగంమంది మంచి అర్థంలోనే వాడతారు, సగంమంది చెడ్డ అర్థంలో. నాయిసమ్ నయం కాదూ? వాడు పేరుతో మోసం చేసినా అర్థం ఒకటే, ఎక్కడికి పోయినా కంపే. వీడు అలా కాదు. అన్నవాడు దండ వేశాననుకుంటాడు, విన్నవాడు చెప్పు విసిరాడనుకుంటాడు. ఇద్దరూ ఇంటికెళ్లి డిక్షనరీ తీస్తే ఇద్దరిదీ రైటే అంటుంది అది! అలాంటి మాటని జనం మధ్య వదిలిపెట్టొచ్చా? గొలుసు వేసి కట్టెయ్యొద్దూ?"

ఆయన పిడికిలి బల్ల మీద పడింది. ఈసారి అక్క గ్లాసులన్నీ ముందే పక్కకి జరిపేసింది.

"ఇంతకీ ఆఫీసరేమన్నాడు?" అందావిడ.

"ఎర్రబడ్డాడు."

"కోపం వచ్చిందన్నమాట."

"కోపమా? ఆనందం! పొగడ్తకి ఉబ్బిపోయాడు. ఉబ్బడమంటే మాట వరసకి కాదు. చొక్కా గుండీలు టపటపా ఊడి ఎదురింటి కిటికీకి తగిలాయి. బెల్టు తెగింది. కుర్చీ పట్టక లేచాడు, లేచినవాడు అలాగే పైకి లేచిపోయాడు. షెడ్డు రేకుల దాకా వెళ్లిపోయాడయ్యా మనిషి! నేను బూటు లేసు పట్టుకుని లాగాను. షెడ్డువాడు నా కాలు పట్టుకుని లాగాడు. చివరికి నేనే తెలివిగా, 'సర్, మీరు అంత గొప్పవారేం కాదులెండి' అన్నాను. అప్పుడు గాలి తీసినట్టు మెల్లగా దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా జీపెక్కి వెళ్లిపోయాడు. అంత సిగ్గరి."

"మరి ఆ ఆర్డరు?"

"ఆర్డరెందుకు? ఈ సంగతి పైదేశాల దాకా పాకింది. డిక్షనరీ అచ్చువేసే వాళ్లంతా ఒకచోట చేరి నాకు ఫోను చేశారు. ఎంతమంది అనుకున్నావు? ఒకడు హలో అంటే వెనకాల వెయ్యిమంది హలో అన్నారు. 'అయ్యా, మా మాటల వల్ల తమ ఇంట్లో నిద్ర కరువైందట, మన్నించండి' అన్నారు. నేను మన్నించలేదు! ఉన్నమాట చెబుతున్నాను, దులిపేశాను వాళ్లని. మీరు అక్కడ చల్లగా కూర్చుని అర్థాలు మార్చుకుంటారు, ఇక్కడ ఒక ఆడది సెలైను సీసా పట్టుకుని తూలిపోవాలా అన్నాను. వెయ్యిమందీ గొల్లుమన్నారు. వచ్చే అచ్చు నుంచి నాయిసమ్ అంటే మోత, ఫుల్సమ్ అంటే మనస్ఫూర్తిగా అని ప్రమాణం చేశారు. పాత డిక్షనరీలన్నీ ఓడల్లో వెనక్కి తెప్పిస్తున్నారు. సముద్రం మీద ఓడలకి దారి చాలక ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టుకుంటున్నాయి."

"అయితే ఇప్పుడు మీ ఇంట్లో ప్రశాంతం" అన్నాడు పెద్ద డ్రైవరు.

"ప్రశాంతమా? చీమ నడిస్తే వినపడుతోంది. గోడ మీద బల్లి ఆవలిస్తే నేను ఉలిక్కిపడుతున్నాను. మా ఆవిడైతే పొద్దున్న ఇలా తల ఆనిస్తే చాలు, అలా పోతుంది. సాయంత్రం డ్యూటీకి లేపాలంటే వీధిలోవాళ్లం పదిమందిమి కలిసి పిలవాలి. ఇప్పుడు కూడా, ఈ క్షణంలో, ఆవిడ హాయిగా..."

"ఏవండీ."

అందరం తల తిప్పాం. బెంచీ వెనకాల మైకన్న భార్య నిలబడి ఉంది. నిన్నటి యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చంకలో దిండు.

మైకన్న చప్పున తన గ్లాసు అందుకున్నాడు. నేనే లేచాను. "రండి వదినా, కూర్చోండి. దిండెందుకు?"

"పడుకోవడానికి" అందావిడ. "ఏవండీ, మీ అద్దాల గది తాళం ఇవ్వండి."

"ఇక్కడా? ఈ హారన్ల మధ్యనా?" అన్నాడు పెద్ద డ్రైవరు.

"బస్సులు కాసేపు మోగి వెళ్లిపోతాయండీ. మా పక్క షెడ్డు ఎక్కడికీ వెళ్లదు. ఈ రాత్రి కూడా వార్డులో తూలానంటే రేపటి నుంచి నాకు పని లేదు. అందుకే వచ్చాను."

"షెడ్డు మూతపడలేదా వదినా?"

"మూతపడిందా? ఎవరు చెప్పారు?"

ముగ్గురం మైకన్న వైపే చూశాం. ఆయన గ్లాసు అడుగున ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు.

ఆవిడకి అర్థమైపోయింది. గొంతు పెంచలేదు గానీ ఒక్కొక్క మాటా కొట్టినట్టు చెప్పింది. "ఫోన్లో ఆ అమ్మాయి చక్కగా తెలుగులో అడిగిందండీ. మోత అంటే సరిపోయేది. ఈయన నాయిసమ్ అన్నారు. ఒకాయన వచ్చి, వాసన చూసి, కంపేం లేదని చెప్పి వెళ్లిపోయాడు. అదీ పోనీ అనుకున్నాను. పెద్దాఫీసరు దేవుడిలా వచ్చాడు, మెషీను ఆపించెయ్యబోయాడు. ఈయన లేచి ఫుల్సమ్ అన్నారు. 'నన్ను ఎగతాళి చేస్తున్నావా?' అని ఆయన విసురుగా వెళ్లిపోయాడు. ఆ రెండు మాటలకీ అర్థాలు మా ఆస్పత్రిలో డాక్టరుగారిని అడిగి నేనే తెలుసుకొచ్చి ఈయనకి చెప్పాను. నా నిద్రనే పందెం కాసి ఇంగ్లీషు మాట్లాడతారా మీరు?"

"అది కాదే, నేను మన మంచికే..."

"తాళం."

మైకన్న మెడలో దారానికి వేలాడుతున్న తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆవిడ తన ఫోను ఆయన చేతిలో పెట్టింది. "ఫిర్యాదుల ఆఫీసు నంబరు అందులోనే ఉంది. నేను లేచేలోపు చెయ్యండి. తెలుగులో చెయ్యండి. నేను లేచేదాకా మైకు ముట్టుకోకండి."

అద్దాల తలుపు మూసుకుంది. లోపల దిండు బల్ల మీద పడడం, ఆవిడ తల దాని మీద పడడం కనిపించాయి. బయట ఏదో బస్సు గట్టిగా హారను కొట్టింది. ఆవిడ కదల్లేదు.

పెద్ద డ్రైవరు లేచి వెళ్లి ఆ హారను కొట్టినవాడి కిటికీ దగ్గర ఏదో చెప్పొచ్చాడు. టీకొట్టు అక్క స్టవ్వు తగ్గించింది. మైకన్న ఫోనులో నంబరు వెతికి నొక్కాడు. ఎదురుగా ఉన్న మాకు అవతలి గొంతు వినపడుతూనే ఉంది.

"చెప్పండి సార్, ఏం ఇబ్బంది?"

ఆయన పెదవులు కదిలాయి. ఏదో పెద్ద మాట నాలిక చివర దాకా వచ్చి ఆగినట్టుంది. అద్దాల గది వైపు ఒకసారి చూశాడు.

"మోతమ్మా" అన్నాడు. "మా ఇంటి పక్కన రాళ్లు కోసే షెడ్డు. మోత. కంపు కాదు, మోత."

"ఎంత మోత సార్? మామూలుగానా, ఎక్కువగానా?"

ఇక మొదలెడతాడని నేను అనుకున్నాను. మంచం నడుస్తుందంటాడు, గిన్నెలు లేచిపోతాయంటాడు. ఆయన అవేం అనలేదు. మెల్లగా చెప్పాడు.

"ఇంట్లో నిద్ర పట్టక మా ఆవిడ దిండు పట్టుకుని బస్టాండుకి వచ్చి పడుకుందమ్మా. ఇప్పుడే. నా కళ్ల ముందే పడుకుని ఉంది."

అవతల అమ్మాయి నవ్వింది. "బస్టాండులో నిద్రా? కోతలు కొయ్యకండి సార్. నిజం చెప్పండి."

మైకన్న మొహం ఎర్రబడింది. అద్దాల వెనక ఆవిడ పక్కకి తిరిగి పడుకుంది. ఆయన గొంతు తగ్గించి, పంటి బిగువున అన్నాడు.

"కోసేది నేను కాదమ్మా. పక్క షెడ్డువాడు."